బుస్సీ వీరగాథ ఎవరైనా పాడతారా?

మొన్న శనివారం మా మిత్రుడింట్లో పాట్‌లక్. (మేముండేది టొరంటో పక్కన.) పులిహోర, గుత్తొంకాయ అయ్యాక మామూలే. మగాళ్ళంతా బేస్‌మెంట్లో చేరి ఇళ్ళ రేట్లు, లేఆఫ్‌లు, వీసాలు. మాటల్లో హడ్సన్స్ బే కంపెనీ మూతపడ్డ సంగతొచ్చింది. 1670లో పుట్టిన కంపెనీ, 2025 మార్చిలో అప్పులవాళ్ళ నుంచి రక్షణ కోసం కోర్టుకెళ్ళి, జూన్ ఒకటికల్లా దుకాణాలన్నీ కట్టేసింది. ఒక పెద్దమనిషి తెగ బాధపడిపోయారు. "355 ఏళ్ళండీ! మంచులో, అడవిలో, ఫ్రెంచివాళ్ళతో కొట్లాడి నిలబడింది. అసలైన స్టార్టప్ అంటే అదీ!" అని.

ఇంతలో మావాడి కొడుకు ఎనిమిదో క్లాసువాడు తన స్కూల్ ప్రాజెక్టు పట్టుకొచ్చాడు. చార్టు మీద మంచు సముద్రం, నాలుగు ఓడలు, ఫిరంగులు. 1697 హడ్సన్ బే యుద్ధమట. బొమ్మ బ్రహ్మాండంగా వేశాడు. వేసి నన్నడిగాడు కదా - "అంకుల్, మీరు ఫ్రెంచ్ వైపా, ఇంగ్లీష్ వైపా?"

అందరూ నవ్వారు. ఒకాయన ఫ్రెంచ్ అన్నారు, స్టార్టప్ పెద్దమనిషి ఇంగ్లీష్ అన్నారు. నాకెందుకో బొబ్బిలి గుర్తొచ్చింది. ఎందుకొచ్చిందో చివర్లో చెప్తా. ముందు ఈ "స్టార్టప్" సంగతి తేలుద్దాం. నా గోలంతా ఒక్కటే - ఇది ఇద్దరు వీరుల కథ కాదు, ఒక కాయితం కథ. ఆ కాయితం రాసినవాళ్ళు, అక్కడ నిజంగా బతుకుతున్నవాళ్ళని ఒక్క మాట అడగలేదు. ఆ కథని కంపెనీ వైపు నుంచి చెప్పుకుని మురిసిపోవడం, మిగతా ఎవరికి చెల్లినా మనకి చెల్లదు.

మొదట్నుంచీ వద్దాం.

హైదరాబాద్‌లో రాడిసన్ హోటల్ తెలుసుగా? (టీమ్ లంచ్‌కి వెళ్ళేవుంటారు.) ఆ పేరు ఒక మనిషిది. పియెర్ రాడిసన్ అనే ఫ్రెంచివాడు. వాడూ, వాడి బావ గ్రొజేలియే కలిసి 1659-60లో సుపీరియర్ సరస్సు దాకా వెళ్ళి పడవల నిండా బొచ్చుతోళ్ళు తెచ్చారు. అనుమతి లేకుండా వెళ్ళారని క్యుబెక్‌లోని ఫ్రెంచ్ గవర్నరు జరిమానా వేశాడు. ప్రాజెక్టు చేసిపెడితే అప్రైజల్లో చీవాట్లు పెట్టినట్టన్నమాట. వీళ్ళకి మండింది. "అసలు మంచి తోళ్ళున్న చోటికి ఉత్తరాన హడ్సన్ బే మీదుగా ఓడలోనే పోవచ్చు" అన్న ఐడియా పట్టుకుని ఇంగ్లండు వెళ్ళిపోయారు. 1668లో నాన్‌సచ్ అనే చిన్న ఓడ బయల్దేరి, మరుసటేడు తోళ్ళతో తిరిగొచ్చింది. 1670 మే 2న రెండో చార్లెస్ రాజుగారు తన దగ్గరి బంధువు రూపర్ట్‌కీ, ఆయన మిత్రులకీ చార్టర్ రాసిచ్చాడు.

ఏం రాసిచ్చాడు? హడ్సన్ బేలోకి పారే నదులన్నిటి పరీవాహక ప్రాంతం మొత్తం. ఎంతో అప్పటికి ఆయనకీ తెలీదు, కంపెనీకీ తెలీదు. తర్వాత లెక్క తేలితే దాదాపు 39 లక్షల చదరపు కిలోమీటర్లు. మన ఇండియా కంటే పెద్దది! కప్పం ఏమిటయ్యా అంటే, రాజుగారు ఎప్పుడైనా అటు వస్తే రెండు దుప్పులు, రెండు నల్ల బీవర్లు. అక్కడున్న క్రీ, డెనే, ఇంకా అనేక జాతుల వాళ్ళని అడగడం మాట అటుంచండి, వాళ్ళలో ఎవరికీ ఈ సంగతే తెలీదు. మీరు నిద్రపోతుండగా మీ ఊరు సర్వర్‌లో ఎవరో అడ్మిన్ రైట్స్ వేరేవాడి పేరు మీద మార్చేసినట్టు.

రాడిసన్ ఆ తర్వాత ఫ్రెంచ్ వైపు గెంతాడు. 1682లో ఫ్రెంచ్ కంపెనీ తరఫున హేస్ నది దగ్గర పోస్టు పెట్టి ఇంగ్లీషువాళ్ళని పట్టుకున్నాడు. 1684లో మళ్ళీ ఇంగ్లీష్ వైపు గెంతి, తన సొంత మేనల్లుడి చేతిలో ఉన్న ఫ్రెంచ్ పోస్టునీ, అందులోని తోళ్ళనీ ఇంగ్లీష్ కంపెనీకి అప్పజెప్పాడు. ఇన్ని చేస్తే చివరికి కంపెనీ జీతం కోసింది, కోర్టుకెళ్ళాల్సొచ్చింది. మనలో కంపెనీలు మారేవాళ్ళకి ఎంత అనుభవమున్నా ఈయన ముందు దిగదుడుపే :) నేనేమంటానంటే, ఈ గొడవకి పునాది వేసిన మనిషికే జెండా లేదు. అలాంటప్పుడు "ఫ్రెంచ్ శౌర్యం, ఇంగ్లీష్ పట్టుదల" అని మనమెందుకండీ ఊగిపోవడం?

ఇక దండయాత్రలు. 1686 మార్చిలో షెవాలియే ద త్రోయ్ అనే కెప్టెన్ వందమందితో మాంట్రియల్ నుంచి బయల్దేరాడు. పడవలు మోసుకుంటూ, మంచు కరిగిన నదుల్లో పడుతూ లేస్తూ జూన్‌కి జేమ్స్ బే చేరాడు. మూస్ ఫ్యాక్టరీ మీద రాత్రివేళ పడ్డారు. (ఫ్యాక్టరీ అంటే పొగగొట్టాలు అనుకునేరు. ఫ్యాక్టర్, అంటే కంపెనీ ఏజెంటు, ఉండే గిడ్డంగి అంతే. 1611లో ఇంగ్లీషువాళ్ళు మన మచిలీపట్నంలో పెట్టింది కూడా ఇలాంటిదే.) లోపలున్నవాళ్ళు ఇరవై మంది కూడా లేరు. ఇబర్విల్ అనే పాతికేళ్ళ కుర్రాడు తలుపు సందులోంచి దూరాడు, లోపలివాళ్ళు తలుపు మూసేశారు, ఒక్కడే కత్తీ తుపాకీతో నిలబడ్డాడు, ఈలోగా మనవాళ్ళు తలుపు బద్దలుకొట్టి వచ్చారు... చూశారా, "మనవాళ్ళు" అని నా చేతే అనిపించింది! కథ అలా ఉంటుంది మరి, సినిమాలా. ఆ ఊపులోనే ఇంకో రెండు కోటలు కూడా పట్టేశారు.

కానీ ఒక్క చిన్న వివరం. ఆ రోజు ఫ్రాన్సుకీ ఇంగ్లండుకీ యుద్ధమే లేదు. రెండు దేశాల రాజులూ స్నేహంగా ఉన్నారు. అదే ఏడు నవంబర్‌లో అమెరికాలో ఎవరి జోలికి ఎవరూ పోవద్దని ఒప్పందం కూడా రాసుకున్నారు. మరి ఈ దాడి ఏమిటి? క్యుబెక్‌లోని వర్తకులు పెట్టుకున్న కంపెనీ దఫేదారు, లండన్ వర్తకుల కంపెనీ గోడౌను మీద పడ్డాడు. అంతే.

1694లో ఇబర్విల్ యార్క్ ఫోర్టు పట్టుకున్నప్పుడు కూడా బేరం అదే. రాజు ఓడలిస్తాడు, మనుషుల ఖర్చు ఇబర్విల్ భరించుకుంటాడు, బదులుగా అక్కడి వర్తకం మీద కొన్నేళ్ళ గుత్తాధిపత్యం, దోచిన సొత్తూ అతనికి. దీన్ని దేశభక్తి అంటే మా సేల్స్ టీము కమిషన్ని కూడా దేశభక్తి అనాలి.

ఇప్పుడు కుర్రాడి చార్టులోని 1697 దగ్గరికొద్దాం. సెప్టెంబర్ 5. పెలికాన్ అనే 44 ఫిరంగుల ఒంటరి ఫ్రెంచ్ ఓడలో ఇబర్విల్. ఎదురుగా ఇంగ్లీష్ యుద్ధనౌక హాంప్‌షైర్, దానితో ఫిరంగులు బిగించిన రెండు కంపెనీ ఓడలు. కొన్ని గంటల పోరు. హాంప్‌షైర్ అందులో ఉన్న ప్రతి మనిషితో సహా మునిగిపోయింది. రెండో ఓడ లొంగింది, మూడోది పారిపోయింది. ఆ తర్వాత తుఫానులో పెలికాన్ కూడా ఒడ్డుకి కొట్టుకుని పగిలిపోయింది. 13న యార్క్ ఫోర్టు లొంగింది, పేరు ఫోర్ట్ బూర్బాన్ అయింది. సరిగ్గా వారానికి, 20న, యూరప్‌లో రిస్విక్ దగ్గర సంధి మీద సంతకాలైపోయాయి!

ఇంతకన్నా పెద్ద వెక్కిరింత ఇంకోటుంది. ఈ చావులన్నీ దేనికోసం? బీవర్ బొచ్చు కోసం. దాన్ని ఉడకబెట్టి, నొక్కి ఫెల్ట్ చేస్తే యూరప్ పెద్దమనుషులకి టోపీలవుతాయి. కానీ 1696 నాటికే ఫ్రెంచివాళ్ళ గోదాముల్లో బీవర్ తోళ్ళు కొనేవాడు లేక మూలుగుతున్నాయి. ఎంతగానంటే, పధ్నాలుగో లూయీ ఆ ఏడే పడమటి వర్తకానికిచ్చే లైసెన్సులు రద్దు చేసి, అక్కడి పోస్టులు చాలావరకు మూసేయమని ఆజ్ఞ జారీచేశాడు. అంటే, గోడౌన్లో స్టాకు కుళ్ళుతుండగా ఇంకా స్టాకు కోసం హాంప్‌షైర్‌తో పాటు అంతమందిని ముంచారన్నమాట.

అటు లండన్లో? 1690లో కంపెనీ వాటాలని మూడింతలు చేసుకుని, ఆ పెరిగిన వాటాల మీద నూటికి పాతిక డివిడెండు పంచుకున్నారు. ఆ తర్వాత 1718 దాకా ఒక్క పైసా డివిడెండు లేదు. అయినా కంపెనీ బతికింది. ఎందుకని? కోటలు పోయినా కాయితం పోలేదు. 1713లో యుట్రెక్ట్ సంధిలో ఫ్రాన్సు హడ్సన్ బే మొత్తం వదిలేసుకుంది. ఇబర్విల్ గెలిచినవన్నీ సంతకంతో వెనక్కిపోయాయి. యుద్ధం గెలిచినవాడు హవానాలో జబ్బుచేసి 1706లోనే పోయాడు. కాయితం దాచుకున్నవాడు గెలిచాడు.

ఇక్కడిదాకా రెండు వైపుల కథే. ఇప్పుడు చార్టు మీద బొమ్మ లేనివాళ్ళ సంగతి.

ఫోర్ట్ బూర్బాన్‌కి చివరి ఏళ్ళలో ఫ్రాన్సు నుంచి ఓడలు రాలేదు. యుద్ధం కదా, ఎవడికి పట్టింది. కానీ చుట్టుపక్కల క్రీ జనం అప్పటికే తుపాకీ వేటకి అలవాటుపడ్డారు. మందుగుండు లేకపోతే వేట లేదు, వేట లేకపోతే కూడు లేదు. కోట అధికారి జెరెమీ ఉన్న కాస్త మందూ తన రక్షణకి దాచుకున్నాడు. ఆకలితో ఉన్నవాళ్ళు, వేటకొచ్చిన కోట మనుషుల్ని కొందర్ని చంపేశారు. ఇది జెరెమీయే రాసుకున్నాడు. ఒకే వెండర్ మీద ఆధారపడితే ఏమవుతుందో మనకి ఎవరూ క్లాసు పీకక్కర్లేదు. మన దగ్గర వెండర్ చేతులెత్తేస్తే సర్వర్ డౌన్ అవుతుంది. అక్కడ పిల్లలు ఆకలితో పోయారు.

1714లో ఆ కోటని తిరిగి తీసుకున్న ఇంగ్లీష్ అధికారి జేమ్స్ నైట్ దగ్గరికి ఓ డెనే అమ్మాయి వచ్చింది. పేరు థనాడెల్తుర్. క్రీలు బందీగా పట్టుకుంటే తప్పించుకుని, ఆకలితో, చలితో అడవిలో తిరిగి తిరిగి చేరింది. 1715లో నైట్ ఆమెని, ఒక కంపెనీ మనిషిని, నూటయాభై మంది దాకా క్రీలని కలిపి డెనేలతో సంధికి పంపాడు. దారిలో తిండిలేక గుంపు చీలిపోయింది. పైగా వేరే క్రీలు తొమ్మిదిమంది డెనేలని చంపిన చోటు కనపడింది. అందరూ భయపడి వెనక్కి పోదామన్నారు. "పది రోజులు ఇక్కడే ఉండండి" అని చెప్పి ఒక్కతే వెళ్ళింది. పదో రోజు, గొంతు బొంగురుపోయేదాకా నచ్చజెప్పి, వందమందికి పైగా తనవాళ్ళని వెంటబెట్టుకొచ్చింది. సంధి కుదిరింది. 1717 ఫిబ్రవరిలో జబ్బుచేసి చనిపోయింది. ఆ ఏడే చర్చిల్ దగ్గర కంపెనీ కొత్త పోస్టు పెట్టింది, ఆమె కుదిర్చిన శాంతి పుణ్యమా అని.

మరి కంపెనీ దస్తావేజుల్లో ఆమె పేరు? "బానిస స్త్రీ". అంతే. థనాడెల్తుర్ అన్న పేరు మిగిలింది డెనే వాళ్ళ నోటి కథల్లో. ఆ తీరంలో ఆ ముప్ఫై ఏళ్ళలో రక్తం చిందకుండా ఆపిన మనిషి ఎవరని నన్నడిగితే ముందు ఆమె పేరే చెప్తాను. చార్టు మీద ఆమెకి చోటు లేదు, ఫిరంగులకి ఉంది.

ఇంకొక్కటి చెప్పి ఊరుకుంటాను. చర్చిల్ దగ్గర కంపెనీ నలభై ఏళ్ళు తంటాలుపడి రాతికోట కట్టింది, ప్రిన్స్ ఆఫ్ వేల్స్ ఫోర్ట్. నలభై ఫిరంగులు. పేల్చడానికి మాత్రం మనుషుల్లేరు. 1782లో లాపెరూజ్ మూడు ఫ్రెంచ్ ఓడలతో వస్తే అధికారి శామ్యూల్ హెర్న్ ఒక్క గుండు పేల్చకుండా లొంగిపోయాడు. పుస్తకాల్లో దీన్ని మర్యాదస్తుల యుద్ధంగా చెప్తారు. లాపెరూజ్ హెర్న్ యాత్రా రచనని తిరిగిచ్చి, అచ్చువేయించమన్నాడట. ఆహా. ఆ యాత్రలో హెర్న్‌కి దారి చూపించి, తిండి పెట్టి, ప్రాణాలతో తెచ్చిన డెనే నాయకుడు మతోనబ్బీ. కోట పోయిందని విని మతోనబ్బీ ఉరేసుకున్నాడు. ఆ చలికాలంలోనే ఆయన భార్యలు ఆరుగురు, పిల్లలు నలుగురు ఆకలితో చచ్చిపోయారు. రాసింది హెర్నే. అప్పటికే మశూచి ఆ ప్రాంతాన్ని ఊడ్చేస్తోంది. 1783లో కంపెనీ మళ్ళీ వచ్చి దుకాణం తెరిచింది. లాపెరూజ్‌కీ హెర్న్‌కీ లెక్క సరిపోయింది.

ఇప్పుడు మీరనబోయేవి నాకు తెలుసు.

"అక్కడివాళ్ళు మాత్రం లాభపడలేదా? తుపాకులు, కుండలు, దుప్పట్లు వాళ్ళే అడిగి కొన్నారుగా?" కొన్నారు. వాళ్ళు అమాయకులని నేననను. తుపాకీ ఎత్తు తోళ్ళు పేర్చి కొన్నారన్న కథ వట్టి పుకారు. ఒక్కో వస్తువుకి ఇన్ని బీవర్లని రేటు ఉండేది. క్రీ వర్తకులు తుపాకీ నాసిరకమైతే మొహమ్మీదే చెప్పేవారు, ఫ్రెంచివాడి రేటు చూపించి ఇంగ్లీషువాడి దగ్గర బేరమాడేవారు. చేతిలో రెండు ఆఫర్లున్నవాడి ధీమా. నేను చెప్పేదీ అదే - బేరం చేసే తెలివున్నవాళ్ళు, రాజ్యాలు నడిపినవాళ్ళు. అలాంటివాళ్ళ నేలని వేరేవాళ్ళు సంధిపత్రాల్లో అటూ ఇటూ తోసుకున్నారు. సరుకు కొనడం వేరు, ఊరు రాసివ్వడం వేరు. షాపులో పాలపాకెట్ కొన్నంత మాత్రాన నా ఇల్లు షాపువాడిదైపోతుందా?

"చరిత్రలో అందరూ అంతే, మూడొందల ఏళ్ళ కింది గొడవ ఇప్పుడెందుకు?" మూడొందల ఏళ్ళ కింద ముగిసిపోలేదండీ బాబూ. ఆ చార్టరు పట్టుకునే కంపెనీ 1869-70లో ఆ నేలంతా కెనడాకి మూడు లక్షల పౌన్లకి అమ్మేసింది. సారవంతమైన భూమిలో ఇరవయ్యో వంతు అట్టేపెట్టుకుంది కూడా. ఈసారీ ఎవర్నీ అడగలేదు. రెడ్ రివర్ దగ్గర లూయీ రియల్, మెటీ జనం తిరగబడింది అందుకే. 1874లో కాపెల్ దగ్గర నాలుగో ట్రీటీ చర్చల్లో పాస్కా అనే నాయకుడు కంపెనీ మనిషికేసి వేలు చూపించి అడిగాడు - మా నేల అమ్మి మూడు లక్షల పౌన్లు తీసుకున్నారట కదా, ఆ డబ్బు మాది, ఇచ్చేయండి అని. ఆ ప్రశ్నకి సూటిగా జవాబు ఇవ్వలేదు ఎవరూ.

కంపెనీ పోయాక కూడా ఆ కాయితానికి రేటు పలికింది. 2025లో ఆ 1670 చార్టరుని రెండు కోటీశ్వర కుటుంబాలు కలిసి 1.8 కోట్ల డాలర్లకి కొని మ్యూజియాలకి, ఆర్కైవ్స్‌కి ఇవ్వడానికి ముందుకొచ్చాయి. మ్యూజియంలో ఉండటం మంచిదే, నాకేం అభ్యంతరం లేదు. అద్దం పక్కన పాస్కా ప్రశ్న కూడా రాసిపెడితే ఇంకా మంచిది.

ఇక నా సంగతి. మా ఆఫీసులో పెద్ద మీటింగులకి ముందు "మనం ఫలానా ఆదివాసుల నేల మీద ఉన్నాం" అని ఓ పేరా చదువుతారు. అది చదివేటప్పుడు నేను మ్యూట్‌లో పెట్టి కాఫీ కలుపుకునేవాణ్ణి. మన వాట్సాప్ గ్రూపుల్లో దాని మీద జోకులు వేసినవాళ్ళలో నేనూ ఉన్నాను. (టొరంటో ఆ చార్టరు కిందకి రాదు, ఇక్కడి నేల కథ వేరే. కానీ జోకు వేసింది ఆ తేడా తెలిసి కాదుగా.) పేరా చదివినంత మాత్రాన ఎవరి నేలా ఎవరికీ తిరిగిరాదు, నిజమే. కానీ వెక్కిరించే హక్కు నాకెక్కడిది? నా పీఆర్ కార్డు కూడా ఇలాంటి కాయితాల వరసలో చివరి కాయితమే కదా.

ఇప్పుడు బొబ్బిలి. 1753లో నిజాం, బుస్సీకి ఉత్తర సర్కార్లు రాసిచ్చాడు. అదీ కాయితమే. 1757 జనవరి 24న బుస్సీ ఫిరంగులు, విజయనగరం సేన కలిసి బొబ్బిలి కోటని నేలమట్టం చేశాయి. రెండేళ్ళు తిరక్కుండా చందుర్తి దగ్గర ఫ్రెంచివాళ్ళు ఇంగ్లీషువాళ్ళ చేతిలో ఓడారు, 1759 ఏప్రిల్లో మచిలీపట్నం కూడా పోయింది. హడ్సన్ బేలో కొట్టుకున్న ఆ రెండు దేశాలే, అలాంటి రెండు కంపెనీలే, అదే ఆట. ఎవరి కథ చెప్పుకున్నాం మనం? రంగారావు కథ, తాండ్ర పాపారాయుడి కథ, కోటలో ప్రాణాలిచ్చిన ఆడవాళ్ళ కథ. బుర్రకథలో బుస్సీ ఉన్నాడు, కానీ బుస్సీ వీరగాథ పాడే కథకుణ్ణి ఎక్కడైనా చూశారా? "ఆహా, ఏం ఫిరంగులండీ, ఏం లాజిస్టిక్స్" అని మన తాతలెవరైనా మెచ్చుకున్నారా?

మన ఊరి దాకా వచ్చేసరికి మనకి బాగా తెలుసు, కథ ఎక్కడ నిలబడి చెప్పాలో. విమానమెక్కి ఇక్కడ దిగేసరికి ఆ తెలివి ఏమైపోయింది?

కుర్రాడికి ఇదంతా చెప్పలేదు లెండి, పారిపోతాడు. "నేను మూడో వైపు" అన్నాను. "మూడో వైపు లేదు అంకుల్, యుద్ధంలో రెండే" అన్నాడు. చార్టు కింద ఒడ్డు చూపించి "ఇక్కడ ఎవరున్నారు?" అని అడిగా. వాడు కాసేపు చూసి "మంచు" అన్నాడు. థనాడెల్తుర్ పేరు తెలుగులోనూ ఇంగ్లీషులోనూ రాసిచ్చి వెతకమన్నాను. ప్రాజెక్టు సోమవారం ఇచ్చేయాలట. వాళ్ళ నాన్నకి మాత్రం నా మీద కాస్త కోపంగా ఉంది, ఆదివారమంతా చార్టు మళ్ళీ వేయించాల్సొచ్చిందని.